పిల్లలకు ఒళ్లు కాలితే ‘ఏం రాయాలి?’ అని అడిగేవారికి

“పాపకు వేడి పాలు మీద పడ్డాయి, ఏం రాయాలి?” “బాబు ఇస్త్రీపెట్టె పట్టుకున్నాడు, ఏం రాయాలి?” అడిగేవారు మారుతున్నా ప్రశ్నలో చివరి రెండు మాటలు మారడం లేదు. జవాబు కూడా మారదు: ఏమీ రాయకండి, నీళ్లు పోయండి. ఫోనులో ఇంత చిన్న జవాబు చెబితే అవతలివారికి తృప్తి ఉండదు. “అది సరే, ఆ తర్వాత ఏం రాయాలి?” అంటారు. పిల్లల వార్డులో కొన్నేళ్లు నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి వాళ్ల కంగారు నాకు అర్థమవుతుంది. అందుకే ఈసారి అంతా ఒకచోట రాస్తున్నాను.

ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది ప్రమాదం జరగకముందు ఒక ఆదివారం గంటసేపు చేసుకునే పని. రెండోది జరిగిన రోజున చేయవలసింది. ఇప్పుడే కాలిన బిడ్డ మీ పక్కన ఉంటే మొదటి భాగం వదిలేయండి. బిడ్డను కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, ‘కాలినప్పుడు’ అన్న చోటు నుంచి ఇంకెవరినైనా పైకి చదవమనండి.

కావలసినవి

- సుద్దముక్క, కొలత టేపు
- ఉతికి ఆరేసి, మడిచి, శుభ్రమైన కవరులో దాచిన పాత నూలు పంచె లేదా చీర ముక్క
- కత్తెర
- పారాసిటమాల్ సిరప్, దానితో వచ్చిన కొలత మూత, బిడ్డ బరువు రాసి సీసాకు అంటించిన చీటీ
- కుళాయి లేని ఇల్లయితే మూత బిగించిన బకెట్టు నిండా నీళ్లు, ఒక చెంబు

ఆయింట్‌మెంట్ పేరు మరచిపోయి వదిలేయలేదు. మొదటి గంటలో దానితో పని లేదు.

మొదటి భాగం: ఇల్లు చూసుకోవడం

పిల్లలు ఎలా కాలతారన్నది చాలావరకు వయసును బట్టి ఉంటుంది. ఇంకా నడవని బిడ్డ పెద్దవాళ్ల ఒడిలో ఉండి కాలుతుంది: టీ ఒలికి, స్నానం నీళ్లు మరీ వేడై. ఏడాది నుంచి మూడేళ్ల మధ్య పిల్లలు అందిందల్లా లాగుతారు, తాకుతారు. అయిదేళ్ల లోపు కాలిన గాయాల్లో ఎక్కువ భాగం మంట వల్ల కాదు, వేడి నీళ్లు, పాలు, పప్పు, సాంబారు లాంటివాటి వల్ల. అగ్గిపెట్టె, టపాకాయలు, కరెంటు తీగలు బడి వయసులో వస్తాయి. మీ బిడ్డ ఏ వయసులో ఉందో దాన్ని బట్టి కింది మెట్లలో దేనికి ఎక్కువ సమయం ఇవ్వాలో తేల్చుకోండి.

1. గీత గీయండి. బిడ్డను గోడకు ఆనించి నిలబెట్టి, చెయ్యి పైకెత్తించి, వేలి కొస దగ్గర సుద్దతో గుర్తు పెట్టండి. దానికి ఒక జానెడు కలపండి. పిల్లలు మునివేళ్ల మీద లేస్తారు, పైగా వచ్చే నెలకు ఇంకొంచెం పెరుగుతారు. ఈ ఎత్తును టేపుతో కొలిచి ఇల్లంతా తిరగండి. మన ఇళ్లలో పొయ్యి గట్టు సాధారణంగా రెండున్నర, మూడు అడుగుల మధ్య ఉంటుంది. ఏడాదిన్నర పిల్ల చెయ్యి చాపితే దాని అంచు అందుతుంది. “మా పాపకు అందదు” అన్నవాళ్లలో చాలామంది కొలిచి చూడలేదు.

2. పొయ్యి దగ్గర. గిన్నెల పిడులు గోడవైపు తిప్పి పెట్టండి. మరిగేవాటిని లోపలి పొయ్యి మీదికి మార్చండి. గంజి వార్చేటప్పుడు, కుక్కరు దించేటప్పుడు బిడ్డ వంటగదిలో ఉండకూడదు. చంకనెత్తుకుని వంట చేయడం మన దగ్గర మామూలే కానీ, తాలింపు చిట్లేది సరిగ్గా బిడ్డ ముఖం ఎత్తులోనే. పొయ్యి నేల మీద ఉన్న ఇంట్లో ముగ్గు గీసి “ఇది దాటకు” అంటే రెండేళ్ల బిడ్డ ఆగదు. గుమ్మానికి నడుమెత్తు చెక్క అడ్డు పెట్టించండి. అది కుదరకపోతే వంటయ్యేదాకా ఊయలలో వేయండి, లేదా ఇంకొకరికి అప్పగించండి.

3. స్నానం నీళ్లు. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టండి. హీటర్ రాడ్డు పెట్టిన బకెట్టు నేల మీద, తలుపు తీసి ఉన్న స్నానాలగదిలో, ఎవరూ లేకుండా ఉంటుంది. ఆడుకుంటూ వెనక్కి నడిచే బిడ్డ అందులో కూర్చుండిపోతుంది. నీళ్లు 60 డిగ్రీలు ఉంటే పెద్దవాళ్ల చర్మం లోతుగా కాలడానికి అయిదు సెకన్లు చాలు. పిల్లల చర్మం పలచన కాబట్టి వాళ్లకు అంతకన్నా తక్కువే పడుతుంది. రాడ్డు వదిలేస్తే నీళ్లు 60 దగ్గర ఆగవు, మరుగుతాయి. రాడ్డు పెట్టినంతసేపూ తలుపుకు బయటి గడియ పెట్టండి. ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, ఆ తర్వాతే నీళ్లు ముట్టుకోండి. స్నానం బకెట్టులో ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేడినీళ్లు కలపండి. ఈ వరస తిరగబడిన రోజునే బిడ్డ చెయ్యి పెడుతుంది. చేత్తో బాగా కలిపి మోచేతితో చూడండి. రోజూ వేడి గిన్నెలు పట్టే అరచేతికి వేడి సరిగ్గా తెలియదు. గీజరుంటే 50 డిగ్రీలు దాటకుండా తిప్పి పెట్టండి. పసిబిడ్డకు స్నానమయ్యాక సాంబ్రాణి వేసే ఇళ్లలో నిప్పుల పాత్ర మంచం కింద కానీ ఊయల కింద కానీ పెట్టవద్దు.

4. టీ కప్పు. కప్పులో పోసిన పావుగంట తర్వాత కూడా టీ చిన్నపిల్ల చర్మాన్ని కాల్చగలదు. ఒడిలో బిడ్డ, చేతిలో కప్పు రెండూ ఒకేసారి వద్దు. ఈ ఒక్క నియమం ఇంటికి వచ్చే చుట్టాలకు కూడా చెప్పండి, మొహమాటపడవద్దు. బల్ల మీద వేలాడే గుడ్డ ఉంటే తీసేయండి. నేల మీద వడ్డించేటప్పుడు సాంబారు గిన్నె పెద్దల వెనక ఉండాలి, పంక్తి మధ్యలో కాదు.

5. ఆవిరి పట్టడం. జలుబు చేసిందని మరిగే నీళ్ల గిన్నె ముందు పిల్లలను కూర్చోబెట్టి దుప్పటి కప్పుతాం. గిన్నె ఒరిగితే నీళ్లు నేరుగా తొడల మీద, పొత్తికడుపు మీద పడతాయి, దుప్పటి వల్ల వెంటనే లేవడానికీ వీలుండదు. చిన్నపిల్లలకు ఈ పద్ధతి పూర్తిగా మానేయండి. ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు మందుల దుకాణంలో దొరుకుతాయి.

6. వేడిగా ఉందని చూపుకు తెలియనివి. ఇప్పుడే ఆపిన ఇస్త్రీపెట్టె, దించిన పెనం, బండి సైలెన్సరు. మొదటి రెండింటికీ బిడ్డ అరచెయ్యి బలవుతుంది, మూడోదానికి పిక్క. బండి దిగేటప్పుడు పిల్లలను సైలెన్సరు లేని పక్కకే దించండి. దోమల చుట్ట, దీపం, అగరొత్తులు గీతకు పైన ఉండాలి.

7. మంట లేకుండా కాల్చేవి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టే అలవాటుంటే ఈరోజే మానండి. తమలపాకులకు వాడే సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కి ఆడుకుంటారు. అది పగిలి కంట్లో పడితే చూపే పోవచ్చు. గుండ్రటి బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను లోపల కాల్చేయగలదు, కాబట్టి ‘రేపు మలంలో పోతుందిలే’ అని ఆగకూడదు. చార్జరు తీగను ప్లగ్గులోనే వేలాడదీసి వదలవద్దు, పాకే బిడ్డ దాని కొస నోట్లో పెట్టుకుంటుంది. డాబా పక్కనుంచి కరెంటు తీగలు వెళ్తుంటే అక్కడ గాలిపటాలు వద్దు. తీగకు చిక్కిన పటాన్ని ఇనుప కడ్డీతో తీయబోయే పిల్లలను సంక్రాంతి రోజుల్లో మీరూ చూసే ఉంటారు.

8. పండుగలు, పెళ్లిళ్లు. అందరూ చిచ్చుబుడ్డికి భయపడి, చిన్నవాళ్లకు కాకరపువ్వొత్తి ఇస్తారు. వెలిగే కాకరపువ్వొత్తి వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. ఆరిపోయాక ఆ తీగను ఎక్కడ పడేశారో చూసుకోకపోతే ఇంకొకరి పాదం దాని మీద పడుతుంది. పక్కన నీళ్ల బకెట్టు పెట్టి, కాలిన ప్రతి తీగనూ అందులో వేయించండి. కాళ్లకు చెప్పులు, ఒంటికి నూలు బట్టలు ఉండాలి. పట్టు పావడా ఫొటో తీశాక మార్చేయండి. పేలని టపాకాయ దగ్గరికి తిరిగి వెళ్లనివ్వవద్దు. భోగిమంట రాజుకోలేదని పెట్రోలు పోసేవారుంటే పిల్లలను తీసుకుని ఇంటికి వచ్చేయండి. పెళ్లిలో, బడిలో మూత తీసిన సాంబారు గంగాళం నేల మీద కనబడితే అది ఎవరి బాధ్యత అని ఆలోచించకుండా మీరే మూత పెట్టించండి.

సరిగ్గా చేశారో లేదో తెలుసుకోవాలంటే ఆదివారం సాయంత్రం చూసుకుంటే చాలదు. బుధవారం ఉదయం ఏడున్నరకు, బడి హడావుడిలో, గీత కింద వేడి వస్తువు ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే తప్పు బిడ్డది కాదు, ఆ వస్తువుకు మీరు ఎంచిన చోటుది. చోటు మార్చండి. మూడు నెలలకోసారి గీత కూడా మార్చండి.

రెండో భాగం: కాలినప్పుడు

1. కాలడం ఆపండి. బట్టలకు మంట అంటుకుంటే పరుగెత్తనివ్వకుండా నేల మీద పడుకోబెట్టి దొర్లించండి, మందపాటి నూలు దుప్పటి కప్పండి. కరెంటయితే ముందు మెయిన్ ఆపండి, ఆపకముందు బిడ్డను ముట్టుకోవద్దు.

2. తడిసిన బట్టలు తీయండి. వేడి సాంబారు పీల్చుకున్న చొక్కా, డైపరు కాలుస్తూనే ఉంటాయి. చర్మానికి అతుక్కుపోయిన గుడ్డను మాత్రం లాగవద్దు, దాని చుట్టూ కత్తిరించండి. గాజులు, కడియాలు, ఉంగరం, మొలతాడు, దిష్టితాడు వెంటనే తీసేయండి. వాపు మొదలయ్యాక అవి బిగుసుకుంటాయి. మొలతాడు సంగతి దాదాపు అందరూ మరచిపోతారు.

3. 20 నిమిషాలు నీళ్లు. పారే మామూలు కుళాయి నీళ్లు కాలిన చోట పడాలి. గడియారం చూడండి, ఎందుకంటే ఏడ్చే బిడ్డ పక్కన మూడు నిమిషాలే ముప్పావుగంటలా ఉంటాయి. కుళాయి లేకపోతే చెంబుతో పోస్తూ ఉండండి. నీళ్లు దూరంగా ఉంటే తడిగుడ్డ వేసి రెండు నిమిషాలకోసారి మార్చండి. కాలి గంట, రెండు గంటలైనా ఈ పని చేయవచ్చు. మూడు గంటల వరకూ ప్రయోజనం ఉంటుంది. డాబా ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం వేడెక్కి ఉంటాయి, ముందు కాసేపు వదలండి.

4. గాయం చల్లబడాలి, బిడ్డ కాదు. మిగతా ఒంటికి పొడి దుప్పటి చుట్టండి. పసిబిడ్డ వణుకుతున్నా, ఒళ్లు చాలా భాగం కాలినా నీళ్లు ఆపి కప్పి, ఆసుపత్రికి బయలుదేరండి.

5. కప్పండి. దాచి ఉంచిన నూలు గుడ్డ వదులుగా వేయండి. వంటింటి పలుచని ప్లాస్టిక్ పొర ఉంటే మొదటి రెండు చుట్లు తీసేసి, మిగిలినదాన్ని గాయం మీద పరచండి. చుట్టూ బిగించవద్దు. దూది ఎప్పుడూ వద్దు, పీచులు అతుక్కుంటాయి.

6. నొప్పికి. పారాసిటమాల్ మోతాదు కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు 150. అది 5 మిల్లీలీటర్లకు 125 ఉన్న సీసాలో 6 మిల్లీలీటర్లు, 250 ఉన్న సీసాలో 3 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 100 ఉండే చుక్కల మందయితే ఒకటిన్నరే. సీసా మారితే మోతాదు మారుతుందన్నది మరవవద్దు. మూడు నెలల లోపు బిడ్డకు డాక్టరును అడక్కుండా వేయవద్దు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

7. సున్నం, యాసిడ్ అయితే ముందు పొడి సున్నాన్ని గుడ్డతో దులిపి, తర్వాత నీళ్లు పోయండి. కంట్లో పడితే రెప్పలు విడదీసి కనీసం అరగంట కడుగుతూ, కడగడం ఆపకుండానే ఆసుపత్రికి వెళ్లండి. మింగితే వాంతి చేయించవద్దు. లోపలికి పోతూ ఒకసారి కాల్చిన రసాయనం బయటికి వస్తూ ఇంకోసారి కాలుస్తుంది.

తరచూ జరిగే పొరపాట్లు

వార్డుకు వచ్చే పిల్లల గాయాలు రకరకాల రంగుల్లో ఉండేవి: టూత్‌పేస్టు తెలుపు, సిరా నీలం, పసుపు, కాఫీ పొడి, దోసెల పిండి, కోడిగుడ్డు సొన. మా చేతికి వచ్చాక మొదటి పని అవన్నీ కడిగి తీయడమే. బిడ్డకు అది రెండోసారి కాలినంత బాధ. పూసినవి లోపలి వేడిని బయటికి పోనివ్వవు, గాయం లోతు కనబడనివ్వవు, సూక్ష్మక్రిములకు చోటిస్తాయి. నెయ్యి, కొబ్బరినూనె కూడా అంతే. టూత్‌పేస్టు చల్లగా అనిపించేది అందులోని పుదీనా సత్తువల్ల, గాయం చల్లబడి కాదు.

రెండో పొరపాటు ఐసు. మంచు నేరుగా పెడితే రక్తనాళాలు ముడుచుకుని గాయం ఇంకా లోతవుతుంది. మూడోది బొబ్బలు సూదితో పొడవడం. నాలుగోది, అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, “ఏడుపు ఆపాడు, పర్వాలేదు” అనుకోవడం. దాని సంగతి కిందే ఉంది.

ఎంత కాలింది, ఎంత లోతు

బిడ్డ అరచెయ్యి, వేళ్లతో కలిపి, ఒంటి మొత్తంలో సుమారు ఒక శాతం. మీ చెయ్యి కాదు, బిడ్డ చెయ్యి. గాయం మీద దాన్ని ఊహించుకుని ఎన్ని చేతులు పడతాయో లెక్కపెట్టండి. ఉత్తగా ఎర్రబడిన చోటు లెక్కలోకి రాదు. పెద్దవాళ్ల కోసం చెప్పే లెక్కలు పిల్లలకు వేయకూడదు. పెద్దల ఒంటిలో తల, మెడ కలిపి 9 శాతమైతే ఏడాది బిడ్డకు దాదాపు 18 శాతం. పది చేతుల మేర కాలితే సెలైన్ అవసరం కావచ్చు, అది ఇంట్లో అయ్యే పని కాదు.

లోతుకు మూడు గుర్తులు. ఎర్రగా, పొడిగా, మండుతూ ఉంటే పైపైన, వారంలో మానుతుంది. బొబ్బలతో, తడిగా, గులాబీరంగులో ఉండి, వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ రంగు వస్తే మధ్యరకం, రెండు వారాలు పడుతుంది. తెల్లగా, గోధుమరంగులో, తోలులా గట్టిగా ఉండి నొప్పే తెలియకపోతే అది లోతైన గాయం. నొప్పి తెలిపే నరాల కొసలు కూడా కాలిపోయాయన్నమాట. ఏడవని బిడ్డను చూసి ఊరట పడవద్దనడం అందుకే.

ఇవి ఉంటే 108కి ఫోను చేయండి లేదా బయలుదేరండి: ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్లు కాలడం. చెయ్యి లేదా కాలు చుట్టూరా కాలడం. పొగ పీల్చడం, గొంతు బొంగురుపోవడం. కరెంటు, రసాయనం. ఏడాది లోపు బిడ్డ. గాయం బిడ్డ అరచెయ్యి కన్నా పెద్దదిగా ఉండి బొబ్బలెక్కడం. కరెంటు గాయం పైకి చిన్న మచ్చలా ఉన్నా లోపల కండరాలు దెబ్బతిని ఉండవచ్చు, గుండె లయ కూడా చూడాలి. తీగ కొరికి పెదవి మూల కాలిన బిడ్డకు వారం, పది రోజుల తర్వాత పొక్కు ఊడినప్పుడు రక్తం చిమ్మవచ్చు, ఆ సంగతి డాక్టరును అడిగి ఉంచుకోండి. టీకాల కార్డు వెంట తీసుకెళ్లండి, ధనుర్వాతం సూది పడిందో లేదో అడుగుతారు.

గాయం ఆకారం

ఆసుపత్రిలో “ఎలా జరిగింది?” అని ఒకటికి మూడుసార్లు అడిగితే కోపం తెచ్చుకోవద్దు. పైనుంచి గిన్నె లాగుకున్న బిడ్డకు గడ్డం కింద, మెడ, భుజం, ఛాతీ మీద వెడల్పుగా మొదలై కిందికి సన్నబడే గాయం ఉంటుంది. ద్రవం జారుతూ చల్లబడుతుంది కాబట్టి అలా వస్తుంది. చుట్టూ చిందిన మచ్చలుంటాయి. బకెట్టులో కూర్చుండిపోతే పిరుదులు, తొడలు కాలతాయి. రెండు పాదాలూ మేజోళ్లు తొడిగినట్టు ఒకే ఎత్తులో, గీత గీసినట్టు, చిందిన మచ్చ ఒక్కటీ లేకుండా కాలితే ఎవరైనా అనుమానించవలసిందే. వేడినీళ్లలో పడ్డ బిడ్డ కాళ్లు కొట్టుకుంటుంది, కదలకుండా నిలబడదు. చెప్పిన కథ, గాయం పొసగనప్పుడు వైద్యులు ఇంకా అడుగుతారు, పోలీసులకు తెలియజేస్తారు. పక్కింటి బిడ్డ ఒంటి మీద అలాంటివి చూస్తే 1098కి ఫోను చేయవచ్చు.

కామెర్లకు, ఫిట్స్‌కు, కడుపు ఉబ్బరానికి పసిపిల్లలకు వాతలు పెట్టించడం ఇప్పటికీ ఉంది. అదీ కాలిన గాయమే. రోగం తగ్గదు సరికదా, వాత చీము పట్టి కొత్త జబ్బు తెస్తుంది. పెద్దవాళ్లు పెట్టించబోతే బిడ్డను ఎత్తుకుని బయటికి నడవండి, వాదన తర్వాత చేసుకోవచ్చు.

ఇంట్లో మానుతున్న గాయం

డాక్టరు ఇంటి దగ్గరే చూసుకోమంటే కట్టు వాళ్లు చెప్పిన రోజున మార్చండి, మధ్యలో విప్పి చూడవద్దు. కట్టు కింద వేళ్ల కొసలు రోజుకు రెండుసార్లు చూడండి: నీలంగా, చల్లగా ఉంటే కట్టు బిగుతైంది. చీము, దుర్వాసన, చుట్టూ పెరిగే ఎరుపు ఉంటే ఆ రోజే చూపించండి. మొదటి మూడు నాలుగు రోజుల్లో జ్వరం, ఒంటి మీద ఎర్రటి దద్దురు, వాంతులు, విరేచనాలు, మగత కనబడితే గాయం చిన్నదైనా రాత్రికి రాత్రే బయలుదేరండి. పిల్లల్లో చిన్న గాయం నుంచి కూడా సూక్ష్మక్రిముల విషం ఒళ్లంతా పాకవచ్చు.

మూడు వారాలైనా మానకపోతే చర్మం అతకవలసి రావచ్చు, ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించండి. మానాక ఆ చోటు దురదపెడుతుంది. వాసన లేని క్రీమో, కొబ్బరినూనో అప్పుడు రాయండి. ‘ఏం రాయాలి?’ అన్నదానికి సరైన సమయం అదే. ఎండ తగలనివ్వవద్దు. మెడ, చంక, మోచెయ్యి, వేళ్ల దగ్గర మచ్చ ఉంటే వారానికోసారి బిడ్డను ఆ సుద్దగీత దగ్గర నిలబెట్టి రెండు చేతులూ పైకెత్తించండి. ఒక చెయ్యి గీత కన్నా కిందే ఆగిపోతుంటే మచ్చ బిగుసుకుంటున్నట్టు, ఫిజియోథెరపీకి తీసుకెళ్లండి.